పిల్లల కథలా, నవలలా? నాలుగు అరల అల్మారాలో ఏవి ఉంచుకోవాలి

నల్లకుంటలో నాయిన కట్టించిన ఇల్లు ఖాళీ చేసి రామంతాపూర్‌లో చిన్న ఫ్లాటుకు మారినప్పుడు పుస్తకాలు పదకొండు అట్టపెట్టెలయ్యాయి. కొత్త ఇంట్లో గోడ అల్మారా ఒక్కటే, నాలుగు అరలు. టేపు పెట్టి కొలిస్తే నాలుగు పెట్టెల పుస్తకాలకు మించి పట్టవని తేలింది. సామాను దింపించిన అన్న ఆ పెట్టెల వరుస చూసి, "ఏడు పెట్టెలు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇచ్చేస్తే అయిపాయె గద" అన్నాడు. ఏ ఏడు అన్నది మాత్రం నాకు వదిలేశాడు.

మూడు పెట్టెల్లో పిల్లల పుస్తకాలు. అన్న పుట్టిన 1971 నుంచి నాయిన నెలనెలా కొని, పన్నెండు సంచికలయ్యాక కోఠిలో బైండు చేయించిన చందమామలు, విశాలాంధ్రలో చవగ్గా దొరికిన సోవియట్ బొమ్మల పుస్తకాలు, అట్టలు ఊడిన జానపద కథలు. మిగతా ఎనిమిదింటిలో నవలలు. కొన్ని నాయినవి, ఎక్కువ నావి. వారం రోజులు ఆఫీసు నుంచి వచ్చాక ఆ పెట్టెల మధ్య నేలమీద కూర్చుని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నాను.

పిల్లలకు కథలు, పెద్దయ్యాక నవలలు అని వయసును బట్టి పంచడం అందరికీ అలవాటు. నాకిప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. నా విషయంలో ఆ లెక్క ఎన్నడూ కుదరలేదు. ఏది ఎప్పుడు నన్ను ఆదుకుంది, ఎప్పుడు చెయ్యి వదిలేసింది అన్నది చూస్తే వేరే లెక్క వస్తుంది.

2019 వానాకాలంలో నాయినకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట నిలిచింది కానీ జ్ఞాపకం చెదిరింది. దవాఖానలో 23 రాత్రులు ఉన్నాం. పగలు వదిన, రాత్రి నేను. ఆయన నిద్రపోయేవాడు కాదు. అందుకని మొదటి రాత్రే ఆయనకు ప్రాణమైన నవల సంచిలో వేసుకుపోయాను. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'. నిజాం కాలపు తెలంగాణ పల్లె, దొర గడి, వెట్టి. నాయిన 1940లో నల్లగొండ జిల్లాలో సరిగ్గా అలాంటి ఊళ్ళోనే పుట్టాడు. ఆ నవల ఆయన ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. మా ఇంట్లో దాని పుటల అంచులు పసుపు రంగు దాటి గోధుమ రంగుకు వచ్చేశాయి.

నాలుగు రాత్రులు చదివాను. ప్రతి రాత్రీ మొదటి పావుగంట నిన్న ఎక్కడ ఆగామో, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పడానికే పోయేది. నాలుగో రాత్రి "పాణి అంటే ఎవలు బిడ్డా?" అని అడిగాడు. సంగీతం నేర్పడానికి ఆ ఊరొచ్చిన పాణి ఆయనకు ఇంటి మనిషి లాంటివాడు. అడిగాక తనకే ఏదో గుర్తొచ్చినట్టు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ మొహంలో సిగ్గు కనిపించింది. ఆయనను ఆ స్థితికి తెచ్చింది నా చేతిలోని పుస్తకమే అనిపించి మూసేశాను. నవల జ్ఞాపకం మీద బతుకుతుంది. నిన్న చదివిందీ మొన్న చదివిందీ ఇవాళ్టి పేజీలోకి రాకపోతే అది నడవదు.

అయిదో రాత్రి చందమామ బౌండు తీసుకెళ్ళాను, 1978ది. కథ రెండు మూడు పేజీలు, పది నిమిషాలు. సిస్టరు వచ్చి బీపీ చూసి, సెలైన్ బాటిల్ మార్చి, మళ్ళీ వచ్చేలోపు అయిపోతుంది. 'ఒక ఊళ్ళో ఒక రైతు ఉండేవాడు' అంటే చాలు, అంతకుముందు ఏమీ తెలిసి ఉండనక్కర్లేదు. నిన్నటి రాత్రి పోయినా ఇవాళ్టి కథకు లోటు రాదు. పేర్లు కూడా మనసుకు భారం కానివే: సోమయ్య, రామయ్య, సీతమ్మ. వాక్యాలు చిన్నవి. వినేవాడి ఊపిరికి సరిపోయే పొడవు.

బేతాళ కథలైతే మరీ మేలు చేశాయి. సంస్కృతంలో ఉన్నవి పాతిక కథలే. చందమామ మాత్రం ఆ చట్రాన్ని పట్టుకుని దశాబ్దాల పాటు నెలనెలా కొత్త కథ వేస్తూ పోయింది. రాజు భుజాన శవం వేసుకుని శ్మశానంవైపు నడుస్తాడు, శవంలోని బేతాళుడు కథ చెబుతాడు, చివర ఒక చిక్కుప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం భంగమై బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. నేను ప్రశ్న దాకా చదివి ఆగేదాన్ని. నాయిన కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి తీర్పు చెప్పేవాడు. "రాజుది తప్పు. చిన్నోడికే ఇయ్యాలె ఆ సొమ్ము." అప్పుడు విక్రమార్కుడి జవాబు చదివేదాన్ని. ఇద్దరిదీ ఒకటే అయిన రాత్రి ఆయన మొహం చూడాలి. పేర్లు మరిచిపోతున్న మనిషికి న్యాయం గుర్తుంది. పక్క మంచం మీద జనగామ వైపు నుంచి వచ్చిన ముసలాయన ఉండేవాడు. ఆయనా వినడం మొదలుపెట్టాడు. ఒక రాత్రి వాళ్ళిద్దరికీ తీర్పు దగ్గర మాటామాటా పెరిగి, సిస్టరు వచ్చి వార్డంతా లేస్తోందని కోప్పడింది. పక్షవాతం వచ్చాక నాయిన అంత గట్టిగా మాట్లాడింది ఆ రోజే.

ఇంకో రాత్రి సంగతి. కథలో ఒక జమీందారు కరువు కాలంలో గాదె తెరిచి ఊరందరికీ ధాన్యం పంచుతాడు. చదవడం అయ్యాక నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "గసుంటి జమీందారును నేను సూడలే బిడ్డా" అన్నాడు. ఆ మీద చిన్నగా, ఆగి ఆగి, తాత గురించి చెప్పాడు. ఊరికి ఏ అధికారి వచ్చినా తాత పని వదిలేసి సామాను నెత్తిన పెట్టుకుని పక్క ఊరిదాకా నడవాలి, కూలీ లేదు. ఒకసారి జ్వరంతో పోలేదని గడి ముందు ఎండలో నిలబెట్టారు. నాయినకు అప్పుడు ఆరేళ్ళు, చెట్టుచాటు నుంచి చూశాడు. నలభై రెండేళ్ళు ఆయన కూతురుగా బతికి ఆ ముక్క నేను వినలేదు. ఆ నవలను అన్నిసార్లు ఎందుకు చదివాడో అప్పుడు తెలిసింది. కానీ ఆ మాట ఆయన నోటి నుంచి రావడానికి కారణం నవల కాలేదు. లోకంలో లేని మంచి జమీందారు ఉన్న పిల్లల కథ కారణమైంది. తను చూసిందేమిటో చెప్పడానికి, చూడనిదొకటి ఎదురుగా పెట్టాల్సి వచ్చిందేమో.

దీనికి ఇంకో పక్క ఉంది. నాయిన ఇంటికొచ్చి ఆరేడు నెలలు బతికి, 2020 ఫిబ్రవరిలో పోయాడు. దినాలు ముగిశాక అదే బౌండు మళ్ళీ తీశాను, అది చదివితే ఆయన పక్కన ఉన్నట్టుంటుందని. నాలుగు కథలు చదివి మూసేశాను. ప్రతిదీ పది నిమిషాల్లో సర్దుకుపోతోంది. తండ్రి చనిపోయినా మూడో పేరాకల్లా కొడుకు దేశాటనకు బయలుదేరుతున్నాడు. చివరికి అందరూ సుఖంగా ఉంటున్నారు. దవాఖానలో నన్ను నిలబెట్టిన ఆ తొందరే ఇంట్లో గుండెకు గుచ్చుకుంది. అంత తొందరగా ఏదీ అయిపోకూడదు అనిపించేది.

అప్పుడు చేతికందింది కొడవటిగంటి కుటుంబరావు 'చదువు'. దాన్ని ఎంచుకోవడానికి ఒక కారణముంది. 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా చందమామను నడిపించింది ఆయనే. ఎవరెవరో పంపిన కథల్ని సరిచేసి ఆ చిన్న వాక్యాల్లో పెట్టింది ఆయన చెయ్యే. నాయినకు ఆ తరవాతి 19 రాత్రులు నేను చదివిన గొంతు, ఒక రకంగా, ఆయనదే. ఆ మనిషి పెద్దవాళ్ళ కోసం రాసినప్పుడు ఎలా మాట్లాడాడో వినాలనిపించింది. ఆ నవలలో సుందరం అనే పిల్లవాడు అక్షరాలు దిద్దడం దగ్గర మొదలై పెద్దవాడవుతాడు. చుట్టూ మొదటి ప్రపంచ యుద్ధం, సహాయ నిరాకరణ, ఆ తరవాతి రోజులు నడుస్తుంటాయి. వాక్యాలు ఇక్కడా తేటగానే ఉన్నాయి. కానీ ఏదీ సర్దుకోదు. రోజులు వస్తాయి, పోతాయి. ఒక సంగతి ముగిసిందనుకుంటే ఇరవై పేజీల తరవాత ఇంకో రూపంలో ఎదురవుతుంది. మార్చి చివర లాక్‌డౌన్ పెట్టాక రోజుకు పది పేజీల చొప్పున చదివాను, కావాలనే నెమ్మదిగా. సుందరం కథకూ నా దుఃఖానికీ ఏ పోలికా లేదు. అది పొడుగ్గా ఉండడమే నాకు అక్కరకొచ్చింది. రేపు కూడా ఇది మిగిలే ఉంటుందన్న ధీమాతో రాత్రి దీపం ఆర్పేదాన్ని.

భయంలో ఉన్నప్పుడు పిల్లల కథ, దుఃఖంలో ఉన్నప్పుడు నవల. నా అనుభవం అంతవరకు స్పష్టంగా చెబుతోంది. మామూలు రోజుల్లో తేల్చడమే కష్టం.

న్యాయం సంగతి తీసుకుందాం. మా నాయనమ్మ చెప్పిన అక్కాచెల్లెళ్ళ కథ ఒకటుండేది. మంచిపిల్ల అడవిలో పోతూ దారిలో చీమలపుట్ట చుట్టూ శుభ్రం చేస్తుంది, చెట్టుకు నీళ్ళు పోస్తుంది, ఆవుకు గడ్డి వేస్తుంది, చివరకు బంగారంతో తిరిగొస్తుంది. స్వార్థపు పిల్ల అన్నిటినీ కసురుకుని వెళ్ళి తేళ్ళూ పాములూ తెచ్చుకుంటుంది. చిన్నప్పుడు ఆ రెండోపిల్లకు శాస్తి జరిగినప్పుడల్లా నాకు ఒళ్ళంతా తృప్తి. అన్న నా పెన్సిళ్ళు తీసుకున్న రోజున ఆ కథ మళ్ళీ చెప్పించుకునేదాన్ని.

ఇరవై రెండేళ్ళప్పుడు డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' చదివాను. 1957-58లో తెలుగు స్వతంత్రలో సీరియల్‌గా వచ్చిన నవల. అందులో ఇందిర అచ్చం ఆ రెండోపిల్లే. తనకేం కావాలో తనకు తెలుసు, తెగించి తీసుకుంటుంది, మంచిపిల్ల అనిపించుకోవాలన్న తాపత్రయం ఆమెకు లేదు. నాయనమ్మ కథలోకైతే తేళ్ళు ఎప్పుడో వచ్చేవి. ఆ రచయిత్రి మాత్రం తేళ్ళు పంపలేదు. ఇందిర ఉద్యోగం చేసి బాధ్యత పట్టని తండ్రిని పోషిస్తోందని చూపించింది, ఆ ఇంట్లో ఆమెకు వేరే దారి ఎక్కడుందో వెతుక్కోమని మనకే వదిలింది. ఆ పుస్తకం చదివిన తరవాత, ఆఫీసులో అందరూ 'టెక్కు మనిషి' అని పక్కనబెట్టిన ఒకామెతో నేను మొదటిసారి కలిసి టిఫిన్ తిన్నాను. నవల చదివి నేను చేసిన పని ఏమిటని ఎవరైనా అడిగితే అదొక్కటి చెప్పగలను.

కాబట్టి న్యాయం దగ్గర నవలకే నా ఓటు. అయితే నాయనమ్మ కథ ముందు లోపల లేకపోతే ఇందిర నన్ను అంతగా కుదిపేది కాదు. తేళ్ళు వస్తాయని ఎదురుచూసినవాళ్ళకే అవి రాకపోవడంలోని బరువు తెలుస్తుంది. బేతాళుడి ప్రశ్నకు రాజు దగ్గర ఎప్పుడూ జవాబుంటుంది. నవలలో ప్రశ్న అలాగే ఉంటుంది, భుజాన శవమూ ఉంటుంది, జవాబు తెలిసిన రాజు మాత్రం ఉండడు. ముందు రాజుతో కొన్నాళ్ళు నడిచిన వాళ్ళు ఆ లోటును బాగా పట్టుకోగలరని నా నమ్మకం.

భయం విషయంలో మాత్రం చందమామ సీరియల్సే నన్ను ఎక్కువ వణికించాయి. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ఆ మాంత్రికుల లోకాలు, శిథిలాలయాలు, విచిత్ర మృగాలు. వాటి మీద ఆయన పేరు వేసేవాళ్ళు కాదు. రాసింది ఎవరో తెలియకుండానే తరాల పిల్లలు వాటిని ప్రేమించారు. నవలతో అయితే రచయితతో పోట్లాడతాం, ఇక్కడ ఎందుకిలా రాశాడు అంటాం. ఆ సీరియల్ ఎవరో రాసిందని కూడా నాకు తట్టేది కాదు, అది వానలా దానంతట అది పడుతుందనుకునేదాన్ని. రచయిత మరుగున ఉండడం వల్ల దక్కిన సుఖం అది. రాసిన మనిషికి మాత్రం ఎంత అన్యాయమో ఇప్పుడు తెలిసి మనసు కలుక్కుమంటుంది. ఇక పెద్దల నవలలో భయం అంటే నాకు రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య. రాక్షసుడి భయం లైటు వేస్తే పోయేది. సుబ్బయ్యది పొద్దున ఆఫీసుకు బయలుదేరేటప్పుడు పట్టుకునే భయం, నాకు బాగా తెలిసిన భయం. ఆ పుస్తకాన్ని ఒక్కసారే చదివాను, మళ్ళీ తెరవలేదు.

మళ్ళీ చదవడం గురించి ఎక్కువమంది అనే మాట ఒకటుంది: నవల వయసుతో పాటు మారుతుంది, పిల్లల కథ మారదు. మొదటి సగం నా విషయంలో నిజమే. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' పంతొమ్మిదేళ్ళప్పుడు చదివి సీతారామారావు మీద విసుక్కున్నాను. అంత చదువుకుని, ఆస్తి కరిగిపోతుంటే చూస్తూ, ఎవరినీ సుఖపెట్టక, ఏమిటీ మనిషి అని. నలభై నాలుగేళ్ళప్పుడు, నాయిన పోయిన తరవాత, మళ్ళీ చదివాను. వంశగౌరవం నిలబెట్టమని తండ్రి చివరి క్షణంలో చెప్పిన మాట అతన్ని ఎలా వెంటాడిందో ఈసారి కళ్ళబడింది. మొదటిసారి ఆ పేజీ చదివానా లేదా అన్నంత కొత్తగా ఉంది. పుస్తకం పక్కన పెట్టి, నాయిన నాకు చివరగా చెప్పిన మాట ఏమిటా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. "కిటికీ మూయి, దోమలొస్తున్నయ్" అన్నాడు. నా మీద ఏ బరువూ పెట్టకుండా పోయాడని ఆ రాత్రి ఆయనకు మొక్కుకున్నాను.

ఆ మాటలోని రెండో సగంతో మాత్రం ఒప్పుకోను. పిల్లల కథలు కూడా మారతాయి. ఏడేళ్ళప్పుడు నేను రాకుమారుడి గుర్రం మీద ఎక్కి కూర్చునేదాన్ని. పదిహేనేళ్ళకు కోటలో బందీగా ఉన్న రాకుమారి పక్కన చేరాను. ఇప్పుడు అదే కథ తీస్తే నా చూపు పేదరాశి పెద్దమ్మ ఇంటి అరుగు మీదే ఆగిపోతుంది. ఎన్ని కథల్లో ఉంటుందో ఆమె! ఊరి మొదట్లో ఇల్లు, ఎవరొచ్చినా ఇంత వండి పెట్టడం, ఊళ్ళో ఏం జరుగుతోందో కాస్త చెప్పి పంపడం. ఆమె పెట్టిన అన్నం తిని రాకుమారుడు వెళ్ళి రాజ్యం గెలుచుకుంటాడు. పెద్దమ్మకు పిల్లలున్నారా? ఆ ఇల్లు ఆమె సొంతమేనా? రాజ్యం వచ్చాక వాడు ఒక్కసారైనా వెనక్కి వచ్చాడా? కథలో ఒక్క ముక్కలో వెళ్ళిపోయే మనిషి మీద నాకిప్పుడు ఇన్ని ప్రశ్నలున్నాయి. ఇవన్నీ నవలలు నేర్పిన ప్రశ్నలే. కానీ అవి నాటుకోవడానికి కథలో అంత ఖాళీ నేల ఉండబట్టే కదా.

గొంతెత్తి చదవడంలో పోటీయే లేదు. ఒకసారి బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' వదినకు చదివి వినిపించబోయాను. దయానిధి మనసులో నడిచే ఆలోచనలు పైకి చదువుతుంటే, ఎవరిదో డైరీ దొంగతనంగా చదువుతున్నట్టు నాకే ఇబ్బందిగా అనిపించి ఆపేశాను. అది ఒంటరిగా, గది తలుపు దగ్గరగా వేసుకుని చదవాల్సిన పుస్తకం. పిల్లల కథ నోటి కోసం పుట్టింది. మా మేనకోడలికి ఎనిమిదేళ్ళు, ఇంగ్లీషు మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. శనివారం రాత్రి మా ఇంట్లో పడుకుంటుంది. దాని పక్కన పడుకుని చదువుతుంటే 'గాదె', 'అంగవస్త్రం', 'పూటకూళ్ళ ఇల్లు' లాంటి మాటలు అర్థం అడగకుండానే దాని నోట్లోకి వెళ్ళిపోతున్నాయి. మొన్న వాళ్ళ నాన్నను "నువ్వు నాకు వరమిచ్చావు, మాట తప్పకూడదు" అని ఐస్‌క్రీమ్ కోసం నిలదీసిందట.

ఇంత ఆలోచించాక అల్మారా ముందు నిలబడితే, అసలు తేల్చాల్సింది ఇంకోలా కనిపించింది. నేను ఇచ్చేస్తే ఏవి మళ్ళీ దొరుకుతాయి, ఏవి దొరకవు?

నవలలు దొరుకుతాయి. నేను పేర్లు చెప్పిన నవలలన్నీ ఇప్పటికీ అచ్చవుతూనే ఉన్నాయి. కాచిగూడ చౌరస్తాలో నవోదయకు వెళ్ళినా, డిసెంబరులో బుక్ ఫెయిర్‌కు వెళ్ళినా చేతికొస్తాయి. కొనకపోయినా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. అక్కడ కుర్చీలన్నీ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతో నిండి ఉంటాయి, నవలల బీరువాల దగ్గర మాత్రం తీరిగ్గా నిలబడవచ్చు. సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901లో, ఈ నగరంలో తెలుగు చదువుకే దిక్కులేని కాలంలో పుట్టిన గ్రంథాలయం. నాయిన నల్లగొండ నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో సాయంత్రాలు అక్కడే గడిపేవాడు. 'ప్రజల మనిషి' మొదట చదివింది అక్కడేనని చెప్పేవాడు. ఆ నవల రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరూ తిరిగి అమ్మిన మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తెలంగాణలో చదివేవాళ్ళను తయారుచేసిన మనిషి. అంతటివాళ్ళు మోసిన నవలలు కాబట్టే ఇవాళ నేను మొయ్యకపోయినా నిలబడ్డాయి.

పిల్లల పుస్తకాలకు ఆ భరోసా లేదు. 1947 జూలైలో మొదలైన చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటింది. సోవియట్ యూనియన్ 1991లో పోయాక ఆ దళసరి కాగితం మీద రంగుల బొమ్మలతో తెలుగులో వచ్చే పుస్తకాలు రావడం మానేశాయి. కొన్నిటిని ఇక్కడి ప్రచురణకర్తలు తిరిగి వేస్తున్నారు, వాళ్ళకు దండం పెట్టాలి. కానీ మా పెట్టెల్లో ఉన్నవి చాలావరకు మళ్ళీ రాలేదు. పైగా పిల్లల పుస్తకాలు వాడకంలో అరిగిపోయే వస్తువులు. చింపుతారు, గీస్తారు, బొమ్మ కత్తిరించి నోటుబుక్కుకు అంటించుకుంటారు. అందుకే పాతవి తక్కువ మిగులుతాయి. అబిడ్స్‌లో ఆదివారం పొద్దున ఆరు వారాలు వరుసగా తిరిగాను. షట్టర్లు వేసిన దుకాణాల ముందు పరిచిన గుట్టల్లో నవలలు కావలసినన్ని ఉన్నాయి. చందమామ బౌండు ఒక్కటంటే ఒక్కటి కనిపించింది, దాని వెల విని అన్నకు ఫోన్ చేసి చెబితే అతనూ కాసేపు మాట్లాడలేదు.

కాబట్టి మూడు అరలు పిల్లల పుస్తకాలకు ఇచ్చాను. చందమామ బౌండ్లన్నీ రెండు అరల్లో పట్టాయి, మూడో దాంట్లో సోవియట్ పుస్తకాలు, జానపద కథలు. మిగిలిన ఒక్క అరలో నవలలు, అవీ ఏరి. నాయిన పెన్సిలుతో గీతలు గీసినవి, చివరి పేజీలో చదివిన తేదీ వేసుకున్నవి, లాక్‌డౌన్‌లో నేను చదివిన 'చదువు'. తక్కిన నవలలను అబిడ్స్‌కు పంపడానికి మనసొప్పలేదు. మా కొత్త కాలనీ సంక్షేమ సంఘం గదిలో ఖాళీ రాక్ ఉంటే అడిగి అక్కడ సర్దాను. ఇప్పటికి ఇద్దరు తీసుకెళ్ళారు. ఒకరు తిరిగి తెచ్చారు కూడా.

చదివేదాన్నిగా నన్ను అడిగితే ఇప్పటికీ నవలే ఎక్కువ చదువుతాను. వారంలో అయిదు రాత్రులు దానివే. దాచేదాన్నిగా మాత్రం పిల్లల కథల వైపు నిలబడ్డాను. ఈ రెండూ ఒకటే అయి ఉండాలని ఇన్నాళ్ళూ అనుకున్నాను, అల్మారా దగ్గర అవి విడిపోయాయి.

పోయిన శనివారం పుస్తకం తియ్యకుండా మేనకోడలికి ఏడు చేపల కథ చెప్పాను. ఏడుగురు రాకొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. గడ్డిమోపు అడ్డమొచ్చింది, ఆవు మెయ్యలేదు, కాపరి మేపలేదు, అవ్వ బువ్వ పెట్టలేదు, పిల్లాడు ఏడ్చాడు, చీమ కుట్టింది. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది చీమ. ఎప్పటిలా అక్కడ ఆపి దాని కడుపు మీద వేలితో కుట్టాను. అది నవ్వలేదు. దుప్పటి తీసి లేచి కూర్చుంది.

"మరి చేప ఎండిందా అత్తా?"

నాయనమ్మ దగ్గర విన్నాను, నాయిన దగ్గర విన్నాను, ఎందరు పిల్లలకో చెప్పాను. ఒక్కసారి కూడా ఆ చేప దగ్గరికి తిరిగి వెళ్ళలేదు. నాకు తెలీదన్నాను. అయితే రేపు పొద్దున మనమే చెప్పుకుందామని అది మళ్ళీ పడుకుంది. ఆదివారం టిఫిన్ ముందు దాని కథలో గడ్డిమోపును పక్కకు జరిపింది ఆ పిల్లాడేనట, ఏడుపు ఆపాక. పాత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో తెలుగులో, నాలుగు తప్పులతో రాసింది. దాన్ని మూడో అరలో పెట్టాను.